కాదనడానికి కొంత డబ్బు

ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసాకి దరఖాస్తు చేసేటప్పుడు ఖాతాలో సుమారు 5,000 ఆస్ట్రేలియన్ డాలర్లు ఉన్నట్టు చూపించాలి. తిరిగి రావడానికి టికెట్ డబ్బులు దానికి అదనం. మన లెక్కలో సుమారు మూడు లక్షలు. ఈ నిబంధనని మనవైపు ఎలా దాటిస్తారో స్టూడెంట్ వీసాలు చూసిన ఇళ్ళలో అందరికీ తెలుసు. బాబాయి దగ్గరో, తెలిసిన ఫైనాన్స్ వాళ్ళ దగ్గరో డబ్బు తెచ్చి ఖాతాలో వేస్తారు. స్టేట్‌మెంట్ తీసుకుంటారు. వీసా రాగానే ఆ డబ్బు తెచ్చినచోటికే పోతుంది. విమానం ఎక్కేటప్పుడు పిల్లల చేతిలో నెల ఖర్చుకి సరిపడా కూడా ఉండదు. అక్కడికెళ్ళాక సంపాదించుకుంటారులే అని అందరి ధీమా.

ఈ వీసా మీద వచ్చి పనిచేసుకుంటున్న మనిషిగా, నా వెనక రాబోయేవాళ్ళకి నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఆ డబ్బు మీ సొంతం అయి ఉండాలి, మీతోపాటే విమానం దిగాలి. మొదటి వారాల్లో మీ ముందుకొచ్చే పనుల్లో ఒప్పుకోకూడనివి చాలా ఉంటాయి. వాటిని కాదనాలంటే చట్టం తెలిసి ఉంటే చాలదు. వచ్చే వారం అద్దె కట్టగలను అన్న నమ్మకం ఉండాలి.

తెలియనివాళ్ళ కోసం ఈ వీసా గురించి కొంచెం. సబ్‌క్లాస్ 462 అంటారు. భారత్, ఆస్ట్రేలియాల మధ్య వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది. అందులో ఇచ్చిన మాట ప్రకారం 2024 సెప్టెంబర్ 16 నుంచి మనవాళ్ళకి ఈ వీసా అందుబాటులోకి వచ్చింది. ఏడాదికి 1,000 మందికే. వయసు 18 నుంచి 30 ఏళ్ళ వరకు, ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ళ చదువు, ఇంగ్లిష్ వచ్చినట్టు ఆధారం. ముందు 25 డాలర్లు కట్టి లాటరీలో పేరు నమోదు చేసుకోవాలి. మొదటిసారి అక్టోబర్‌లో తెరిచినప్పుడు రెండు వారాల్లోనే 40,000 మంది దాకా నమోదు చేసుకున్నారు. పేరు వస్తే 28 రోజుల్లో అసలు దరఖాస్తు పెట్టాలి. వీసా వస్తే ఏడాదిపాటు ఉండొచ్చు, పనిచేసుకోవచ్చు, తిరగొచ్చు, నాలుగు నెలల వరకు చదువుకోవచ్చు. మామూలుగా ఒక యజమాని దగ్గర ఆరు నెలలు దాటి చేయకూడదు. కుటుంబాన్ని తీసుకెళ్ళడం కుదరదు. ఇది పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి మెట్టు అని చెప్పి ఫీజు తీసుకునే ఏజెంట్లు ఉన్నారు. వాళ్ళ మాట నమ్మకండి. ఏడాది తర్వాత వెనక్కి రావడానికి సిద్ధపడి తీసుకోవాల్సిన వీసా ఇది.

నేను హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, కూడబెట్టిన డబ్బుతో వచ్చాను. సిడ్నీలో గానీ మెల్‌బోర్న్‌లో గానీ దిగమని అందరూ సలహా ఇచ్చారు. మనవాళ్ళు ఎక్కువ, మొదట్లో చూసుకుంటారు అని. నేను బ్రిస్‌బేన్ ఎంచుకున్నాను. పొలం పనులకి వెళ్ళాలని ముందే అనుకున్నాను, ఆ పొలాలున్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి ఇదే రాజధాని. పైగా 2024 ఆగస్టు నుంచి ఆ రాష్ట్రంలో ఊళ్ళలో తిరిగే బస్సు, లోకల్ రైలు, ఫెర్రీలకి టికెట్ 50 సెంట్లే. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకి ఇది ఎంత పెద్ద మేలో చెప్పలేను. ఊరికి ఆ చివరనున్న కేఫ్‌కి వెళ్ళి సీవీ ఇచ్చి రావడానికి ఆలోచించాల్సిన అవసరం ఉండదు.

మొదటి వారాల్లో డబ్బు కరిగే తీరు మాత్రం భయపెడుతుంది. ఆడవాళ్ళ డార్మిటరీలో పై బెర్త్ లాంటి మంచానికి వారానికి 260 డాలర్లు. సిమ్, దుప్పటి, పొలంలోకి నిండు చేతుల చొక్కాలు, ప్యాకింగ్ షెడ్లలో అడిగే ఇనుప ముందుభాగం ఉన్న బూట్లు. హోటళ్ళలో మద్యం వడ్డించే పని కావాలంటే ఆర్‌ఎస్‌ఏ అనే సర్టిఫికెట్, కట్టడం పనులకైతే వైట్ కార్డ్. రెండింటికీ ఫీజులున్నాయి. గది అద్దెకు తీసుకుంటే బాండ్ పేరుతో అడ్వాన్సు. క్వీన్స్‌లాండ్‌లో ఆ బాండ్‌ని ఇంటివాళ్ళు తమ దగ్గర ఉంచుకోకూడదు, రెసిడెన్షియల్ టెనెన్సీస్ అథారిటీ దగ్గర జమ చేయాలి. ఒంట్లో బాగోకపోతే ఇక్కడి ప్రభుత్వ వైద్య పథకం మెడికేర్ మనకు వర్తించదు. బ్రిటన్, ఐర్లండ్, ఇటలీ లాంటి దేశాలకు దాని కోసం ఆస్ట్రేలియాతో ఒప్పందాలున్నాయి, మనకు లేదు. కాబట్టి ఇన్సూరెన్స్ తప్పదు.

ఇక టీఎఫ్‌ఎన్, అంటే టాక్స్ ఫైల్ నంబర్. తొమ్మిది అంకెలు. దేశంలో దిగాకే ఆన్‌లైన్‌లో అప్లై చేయాలి, పైసా ఖర్చు లేదు. సౌత్ బ్యాంక్‌లో స్టేట్ లైబ్రరీ ఉంది, ఉచితంగా వైఫై, చల్లగా కూర్చునే చోటు. నా అప్లికేషన్ అక్కడి నుంచే పెట్టాను. చేతికి రావడానికి 28 రోజుల దాకా పట్టొచ్చని టాక్స్ ఆఫీసే చెబుతుంది. నంబర్ రాకముందు కూడా పనిలో చేరొచ్చు, వచ్చాక యజమానికి ఇవ్వొచ్చు. ఈ విషయం చాలామందికి తెలియదు. తెలియనివాళ్ళ మీదే ఆ నెల రోజులూ కొందరు యజమానులు బతుకుతారు. "టీఎఫ్‌ఎన్ లేదుగా, వచ్చేదాకా క్యాష్ ఇస్తాం" అంటారు.

నాకూ ఆ మాటే ఎదురైంది. నగర శివార్లలో ఒక భారతీయ రెస్టారెంట్. పేరు అవసరం లేదు. మొదటి రోజు ఐదు గంటలు ట్రయల్ అన్నారు, దానికి డబ్బు లేదు. ఆ తర్వాత గంటకు 15 డాలర్లు, చేతికే. యజమాని మర్యాదగానే మాట్లాడాడు. "మొదట్లో అందరికీ ఇంతేనమ్మా. నేనూ ఇలాగే మొదలుపెట్టాను" అన్నాడు. 2025 జూలైలో ఆస్ట్రేలియాలో కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు అయింది. క్యాజువల్‌గా, అంటే స్థిరమైన గంటలూ జీతంతో సెలవులూ లేకుండా, పెట్టుకుంటే దాని మీద 25 శాతం కలుస్తుంది. రెస్టారెంట్లలో అడుగు స్థాయి పనికి కూడా క్యాజువల్ జీతం గంటకు 30 డాలర్లు దాటుతుంది. అంటే ఆయన సగం జీతానికి నన్ను అడిగాడు. ట్రయల్ పేరుతో గంటలకొద్దీ ఊరికే చేయించుకోవడం కూడా కుదరదు. పని వచ్చో రాదో చూడ్డానికి పట్టే కాసేపటికి మాత్రమే మినహాయింపు, ఆపైన చేసిన ప్రతి గంటకూ జీతం ఇవ్వాల్సిందే.

నేను వద్దన్నాను. ఆ రోజు వద్దనగలిగానంటే దానికి చట్టం తెలియడం ఒక కారణం. అసలు కారణం, వచ్చే రెండు నెలల అద్దె నా ఖాతాలో ఉండటం. ఇదే నా వాదనకి మూలం, అందుకే నొక్కి చెబుతున్నాను.

నేనుంటున్న హాస్టల్ వంటింట్లో పరిచయమైన మన తెలంగాణ అబ్బాయి ఒకడు అలాంటి పనికే ఒప్పుకున్నాడు. నాకంటే తెలివైనవాడు, ఇంగ్లిష్ నాకంటే బాగా మాట్లాడతాడు. కనీస వేతనం ఎంతో వాడికీ తెలుసు. కానీ వాళ్ళ నాన్న మూడు లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు 9,000 రూపాయల వడ్డీ. ఆస్ట్రేలియా డాలర్లలో చూస్తే ఇక్కడ ఒక్క రోజు న్యాయమైన జీతం కంటే తక్కువ అది. ఈ లెక్క నేను వాడి ముందే వేశాను. "నాకూ తెలుసక్కా. కానీ ఫస్ట్ తారీఖున నాన్నకి ఫోన్ వస్తది కదా" అన్నాడు. ఒక్క రోజు కూలీతో తీరే వడ్డీ కోసం నెలంతా సగం కూలీకి పనిచేశాడు. ఇందులో వాడి తప్పు నాకేమీ కనిపించదు. ఫస్ట్ తారీఖు దగ్గర పడుతుంటే మంచి పని కోసం ఇంకో రెండు వారాలు ఆగమని వాడికి చెప్పడం తేలిక, ఆగడం వాడి చేతిలో లేదు.

చివరికి మూడు వారాల జీతం ఆపేశారు. పేస్లిప్ లేదు, ఖాతాలో జమ లేదు. వాట్సాప్‌లో పంపిన షిఫ్టుల మెసేజీలు ఉన్నాయి. అవి చాలా విలువైనవి, పనివాళ్ళ హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయమని చెప్పాను. వీసా పోతుందేమోనని వాడి భయం. ఈ భయాన్ని వాడుకుని పనిచేయించుకోవడం 2024 జూలై 1 నుంచి ఆస్ట్రేలియాలో నేరం. కావాలని జీతం ఎగ్గొట్టడం 2025 జనవరి 1 నుంచి క్రిమినల్ నేరం. చట్టాలు బలంగానే ఉన్నాయి. కానీ వాటి తలుపు తట్టడానికి కూడా కొన్ని వారాలు తిండికి, పడకకి లోటు లేకుండా ఉండాలి. వాడు తట్టలేదు, వేరే ఊరికి వెళ్ళిపోయాడు.

మా ఊరు సత్తెనపల్లి వైపు. మిరప కోతలకి కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి, పొలాల దగ్గరే గుడిసెలు వేసుకుని ఉండేవాళ్ళు. వాళ్ళలో చాలామంది బయల్దేరకముందే మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకునేవాళ్ళు. చిన్నప్పుడు నాకు అర్థం కాని విషయం ఒకటుండేది. పక్క చేలో రోజుకి ఎక్కువ ఇస్తున్నారని తెలిసినా వాళ్ళు వెళ్ళేవాళ్ళు కాదు. కాటాలో తేడా వస్తోందని వాళ్ళలో వాళ్ళు అనుకునేవాళ్ళు, పైకి అడిగేవాళ్ళు కాదు. అడ్వాన్సు తీరేదాకా నోరు మెదపడానికి లేదు. బ్రిస్‌బేన్ హాస్టల్లో ఆ అబ్బాయిని చూస్తుంటే నాకు మిరప కోతల ఆడవాళ్ళే గుర్తొచ్చారు. వీడికి డిగ్రీ ఉంది, పాస్‌పోర్ట్ ఉంది, హక్కులు చెప్పే వెబ్‌సైట్ ఫోన్‌లో ఉంది. అయినా అప్పు తీసుకుని బయల్దేరాడు కాబట్టి వాళ్ళున్న చోటే ఉన్నాడు.

ఈ మాట అంటే ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న మనవాళ్ళకి కొందరికి కోపం వస్తుంది. "మేమూ క్యాష్ జాబులు చేసే పైకొచ్చాం" అంటారు. వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ వాళ్ళు వచ్చింది స్టూడెంట్ వీసా మీద. స్టూడెంట్లకి తరగతులు జరిగే రోజుల్లో పని గంటల మీద పరిమితి ఉంటుంది, ఇప్పుడైతే రెండు వారాలకి 48 గంటలు. ఫీజు కట్టడానికి అంతకుమించి చేయాల్సి వచ్చినవాళ్ళు లెక్కలో కనబడని క్యాష్ పనుల్లోకి వెళ్ళారు. ఆ ఇబ్బందిలోంచి ఒక అలవాటు పుట్టింది, ఆ అలవాటు సలహాగా మారింది. మన వీసాకి గంటల పరిమితి లేదు. వారానికి ఎన్ని గంటలైనా చట్టబద్ధంగా చేయొచ్చు. దాచాల్సింది ఏమీ లేనివాళ్ళం క్యాష్‌కి ఎందుకు పనిచేయాలి? సీనియర్ల సలహా మనకి వర్తించదు. ఇది వినయంగానే చెబుతున్నాను, గట్టిగా కూడా చెబుతున్నాను.

క్యాష్‌తో పోయేది గంట రేటు ఒక్కటే కాదు. యజమాని మన జీతం మీద 12 శాతం సూపర్ అనే రిటైర్మెంట్ ఫండ్‌లో వేయాలి. క్యాష్ పనికి అది ఉండదు. దెబ్బ తగిలితే వర్కర్స్ కాంపెన్సేషన్ కోసం అడగడానికి మనం అక్కడ పనిచేసినట్టు ఆధారం ఉండదు. తర్వాతి యజమానికి చూపించడానికి అనుభవం ఉండదు. క్యాష్ కంటే మర్యాదగా కనిపించే ఇంకో పద్ధతి ఏబీఎన్, అంటే వ్యాపారాలకిచ్చే నంబర్. "పదకొండు అంకెల నంబర్ ఒకటి తీసుకో, నువ్వే ఒక చిన్న వ్యాపారం అన్నమాట, ఇన్వాయిస్ పంపితే డబ్బు వేస్తాం" అంటారు. వాళ్ళు చెప్పిన టైముకి వచ్చి, వాళ్ళ చీపురుతో, వాళ్ళు చెప్పినట్టు ఊడ్చేవాళ్ళు వ్యాపారులు ఎలా అవుతారు? ఉద్యోగిని కాంట్రాక్టర్‌గా చూపించడం చట్టవిరుద్ధం. సూపర్, ఇన్సూరెన్స్ అన్నీ మన నెత్తినే పడతాయి. క్లీనింగ్ పనుల్లో ఇది నాకు ఎక్కువగా ఎదురైంది.

ఇంటి నుంచి వచ్చే ఫోన్ల గురించి కూడా రాయాలి, మొదటి రోజుల్లో టెన్షన్ సగం అక్కడి నుంచే. దిగిన మూడో రోజు నుంచే నాన్న "ఏమన్నా తగిలిందామ్మా?" అని అడగడం మొదలుపెట్టారు. అమ్మ నేరుగా అడగదు. "పక్కింటి వాళ్ళబ్బాయికి వెళ్ళిన వారానికే దొరికిందంట" అంటుంది. ప్రేమతోనే అడుగుతారు. కానీ వాళ్ళు అడిగిన ప్రతిసారీ, ఏదో ఒక పని చూపించి వాళ్ళని నిమ్మళపరచాలన్న తొందర నాలో పెరిగేది. రెస్టారెంట్ పని వద్దన్న సంగతి నాన్నకి చెబితే కాసేపు మాట్లాడలేదు. "వచ్చేదాన్ని వద్దనడం దేనికమ్మా, మంచిది దొరికాక మానేయొచ్చుగా" అన్నారు. నిజానికి అందరూ అడిగే ప్రశ్న ఇదే, బలమైన ప్రశ్న కూడా.

నా జవాబు ఇది. తక్కువ జీతం పని మంచి పని వెతుక్కునే సమయాన్ని తినేస్తుంది. పగలు కేఫ్‌లు తెరిచి ఉండే వేళలోనే సీవీలు ఇవ్వాలి, మేనేజర్లతో మాట్లాడాలి, పిలిచినప్పుడు ట్రయల్‌కి వెళ్ళాలి. ఆ వేళంతా ఇంకోచోట గిన్నెలు తోముతుంటే అది కుదరదు. పైగా ఒకసారి 15కి ఒప్పుకున్నాక, ఆ చుట్టుపక్కల మన మనుషుల మధ్య అదే మన రేటు. నాన్నతో ఒక ఒప్పందానికి వచ్చాను. ఖాతాలో డబ్బు ఒక గీత కిందకి వచ్చేదాకా పని గురించి అడగకూడదు, ఆ గీత ఎంతో ముందే చెబుతాను. తిరుగు టికెట్, ఒక నెల అద్దె, అంత. ఆయన మాట నిలబెట్టుకున్నారు. అంతకు మించిన సాయం ఆ రోజుల్లో ఎవరూ చేయలేదు. పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఇలాంటి మాట ఒకటి ముందే అనుకుంటే బాగుంటుంది.

పని దొరికింది. సిటీలో ఒక కేఫ్‌లో కిచెన్ హ్యాండ్. చేరిన రోజే క్యాజువల్ ఉద్యోగి హక్కుల కాగితం చేతికిచ్చారు. జీతం పడిన మర్నాటికల్లా పేస్లిప్ మెయిల్‌కి వచ్చింది. అందులో గంటలు, రేటు, 15 శాతం పన్ను, సూపర్ అన్నీ విడివిడిగా ఉన్నాయి. ఎవరినీ బతిమాలకుండా, ఎవరి బంధువూ కాకుండా, అచ్చంగా చేసిన పనికి వచ్చిన డబ్బు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

కొన్ని నెలల తర్వాత బండబర్గ్ వచ్చాను. బ్రిస్‌బేన్ నుంచి ఉత్తరంగా రైలులో నాలుగైదు గంటలు. ఎర్రనేల, చెరకు, చిలగడదుంప, టమాటా, క్యాప్సికం, అవకాడో, మెకడేమియా తోటలు. రెండో ఏడాది వీసా కావాలంటే ఇలాంటి ప్రాంతాల్లో, ప్రభుత్వం చెప్పిన రకం పని మూడు నెలలు చేయాలి. 88 రోజులు అని అందరూ అంటారు. ఇక్కడికొచ్చాక డబ్బు విలువ నాకు ఇంకా బాగా అర్థమైంది. ఎందుకంటే ఇక్కడ యజమాని చేతిలో జీతంతోపాటు ఆ రోజుల లెక్క కూడా ఉంటుంది. కొన్నిచోట్ల మంచం ఇచ్చేదీ, పని ఇప్పించేదీ, పొలానికి వ్యాన్‌లో తీసుకెళ్ళేదీ ఒకరే. పని లేని వారం కూడా మంచానికి అద్దె పడుతూనే ఉంటుంది. ఇంకో హాస్టల్‌కి మారతాను అనగలిగేవాళ్ళతో ఒకలా మాట్లాడతారు, మారలేనివాళ్ళతో ఇంకోలా.

నేను మొదట దిగిన చోట వానలకి వారం పది రోజులు పని లేదు. "వచ్చే సోమవారం ఉంటుంది" అని ప్రతి సోమవారం చెప్పారు. రెండో సోమవారం తర్వాత నేను సామాను సర్దుకుని వేరే చోటికి మారాను. నాతో ఉన్న ఇద్దరు ముగ్గురు మారలేకపోయారు, అద్దె బాకీ పడ్డారు కాబట్టి. క్వీన్స్‌లాండ్‌లో కూలీలని సరఫరా చేసే కాంట్రాక్టర్లకి 2018 నుంచి లైసెన్స్ తప్పనిసరి. ఎవరికి లైసెన్స్ ఉందో ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. రెండోసారి చూసుకునే వెళ్ళాను.

బకెట్ల లెక్కన జీతం ఇచ్చే పీస్ రేట్ పద్ధతి గురించి రాకముందు చాలా విన్నాను. 2022 ఏప్రిల్ 28 నుంచి అందులో ఒక పెద్ద మార్పు వచ్చింది. బకెట్ల లెక్కన ఎంత తక్కువ వచ్చినా, చేసిన గంటలకి కనీస గంట రేటు ఇచ్చి తీరాలి. అందుకోసం యజమాని గంటలు రాయాలి. మొదటి వారం చేయి తిరగనివాళ్ళకి ఇది ప్రాణం పోసినట్టే. మాకు పొలంలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నేనే గంటలు ఫోన్‌లో రాసుకుని పేస్లిప్‌తో పోల్చుకున్నాను. తేడా ఉందని అడిగితే తర్వాతి వారం కలిపి ఇచ్చారు. అడగనివాళ్ళకి కలిపారో లేదో.

బండబర్గ్‌కి దక్షిణంగా కొద్ది దూరంలో చిల్డర్స్ అనే చిన్న ఊరుంది. సెలవు రోజున వెళ్ళాను. 2000 జూన్ 23 తెల్లవారకముందే అక్కడ ప్యాలెస్ అనే బ్యాక్‌ప్యాకర్ హాస్టల్‌కి ఒకడు నిప్పుపెట్టాడు. పళ్ళు, కూరగాయల కోతలకి వచ్చిన 15 మంది యువతీయువకులు చనిపోయారు. పాత చెక్క భవనం, అలారం వ్యవస్థ పనిచేసే స్థితిలో లేదు. ఆ తర్వాత క్వీన్స్‌లాండ్‌లో ఇలాంటి బసలకి అగ్నిప్రమాద నిబంధనలు మారాయి. తిరిగి కట్టిన ఆ భవనంలో ఆ పదిహేను మందీ పొలంలో కూర్చుని విశ్రాంతి తీసుకుంటున్నట్టు గీసిన పెద్ద చిత్రం ఉంది. అందరూ నా వయసువాళ్ళే, కొందరు చిన్నవాళ్ళు. నేను కొత్త హాస్టల్‌కి వెళ్ళిన ప్రతిసారీ అలారం ఉందా, రెండో దారి ఎటు ఉంది అని ముందు చూస్తాను. నచ్చకపోతే ఆ రాత్రి ఎంత ఖర్చైనా ఇంకోచోట ఉంటాను. దానికీ డబ్బే కావాలి.

ఇక నా వాదనలో ఉన్న ఒక చేదు నిజం. ఖాతాలో మూడు లక్షలు, దానికి పైన టికెట్, వీసా ఫీజు, ఇన్సూరెన్స్. ఇదంతా సొంతంగా ఉండాలంటే ఈ అవకాశం మధ్యతరగతికి, అందులోనూ జీతం మిగిలేవాళ్ళకే అని చెప్పినట్టే. కోసిగి నుంచి కోతలకి వచ్చే ఇంటి అమ్మాయి డిగ్రీ చదివినా ఈ లాటరీ వైపు చూసే వీల్లేదు. అది అన్యాయమే. అలాగని అప్పు చేసి రమ్మని నేను ఎవరికీ చెప్పలేను. పేదింటి పిల్లలకి అప్పు మీద ప్రయాణం ఇంకా ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే పడిపోతే పట్టుకునేవాళ్ళు లేరు.

ఆస్ట్రేలియాని కూడా అడగాల్సినవి ఉన్నాయి. బ్రిటన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ఈ తరహా వీసాలు 1975 నుంచీ ఉన్నాయి. లాటరీ లేదు, సంఖ్య మీద పరిమితి లేదు, 35 ఏళ్ళ వరకు రావొచ్చు, 2024 జూలై నుంచి పొలం పని చేయకుండానే రెండో ఏడాది, మూడో ఏడాది తీసుకోవచ్చు. మనకి లాటరీ, సంఖ్య పరిమితి, 30 ఏళ్ళ హద్దు, పొలం పని షరతు అన్నీ ఉన్నాయి. 88 రోజుల షరతు వల్లే కూలీలు యజమానుల గుప్పిట్లో పడుతున్నారని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. బ్రిటన్ వాళ్ళకి తీసేసిన షరతు మిగిలినవాళ్ళకి ఎందుకుండాలి? దేశం వదిలి వెళ్ళేటప్పుడు మన సూపర్ వెనక్కి తీసుకుంటే అందులో 65 శాతం పన్ను పోతుంది. రిటైర్మెంట్ కోసమని వేసిన డబ్బులో మూడింట రెండొంతులు దాదాపుగా పోతాయన్నమాట. ఈ పన్నుకి సరైన కారణం నాకు ఎక్కడా కనిపించలేదు. మన ప్రభుత్వం ఆ వాణిజ్య ఒప్పందం గురించి మళ్ళీ కూర్చున్నప్పుడు 1,000ని 5,000 చేయమని అడిగే ముందు వీటిని అడగాలి.

మా పిన్ని కొడుకుకి ఇరవై నాలుగేళ్ళు. ఈ మధ్య లాటరీలో పేరు వేస్తానని ఫోన్ చేశాడు. దగ్గర ఎంత ఉందని అడిగితే 90 వేలు అన్నాడు, మిగతాది చూపించడానికి మా బాబాయి సర్దుతాడట. వాడికి ఇంకా ఆరేళ్ళ టైముంది. ఇప్పుడు పేరొస్తే 28 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి, వీసా వచ్చిన ఏడాదిలోపు దిగాలి, ఆలోపు అంత డబ్బు పోగవదు. ఈసారి ఆగు, ఉద్యోగం మానకు, నెలకి పదిహేను వేలు పక్కన పెట్టు అన్నాను. వాడికి నచ్చలేదు. పేరు రాకపోతే ఎలాగూ ఆగాల్సిందేగా, వస్తే అప్పుడు చూద్దాం అన్నాడు. పేరొచ్చాక ఎవరూ ఆగరు, అప్పుడే అప్పులు చేస్తారు అని చెప్పాను. పిన్ని ఫోన్ తీసుకుని పదిహేను వేలలో ఐదు తను ఇస్తానంది. వాడు ఆలోచించుకుని చెబుతానన్నాడు.